దీక్ష సర్టిఫికెట్లు బోలెడున్నాయి, ఇంగ్లిష్ టీచర్‌కి నిజంగా పనికొచ్చే ఆన్‌లైన్ కోర్సు ఏది?

నల్గొండ_మేడమ్

అందరికీ నమస్తే. నేను జడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌ని. చాలా ఏళ్లు ప్రైమరీలో ఎస్జీటీగా చేసి ఈ మధ్యే ప్రమోషన్ మీద హైస్కూల్‌కి వచ్చాను. నేను చదివింది పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఎంఏ ఇంగ్లిష్ దూరవిద్యలో. గ్రామర్ చెప్పమంటే చెప్తాను, పబ్లిక్ పరీక్షలో లెటర్ ఎలా రాయించాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇబ్బంది ఎక్కడంటే, తొమ్మిదో తరగతిలో యాభై మంది దాకా ఉన్నారు, అందులో ఐదారుగురు తప్ప ఎవరూ ఇంగ్లిష్‌లో నోరు విప్పరు. వాళ్ల చేత మాట్లాడించడం ఎలాగో బీఈడీలో ఎవరూ నేర్పలేదు, లెసన్ ప్లాన్ రికార్డులు రాయించారు, అంతే.

ట్రైనింగ్‌లు లేవని కాదు. ప్రభుత్వం టీచర్లకు ఆన్‌లైన్‌లో శిక్షణ ఇచ్చే దీక్ష వేదికలో, నిష్ఠా శిక్షణ మొదలుకొని వచ్చిన ప్రతి కోర్సూ పూర్తి చేశాను. ఎలా అంటారా? వీడియో ఒక పక్క నడుస్తుంటుంది, ఇంకో పక్క కూర తిరగమాత. చివర్లో క్విజ్‌లో 70 శాతం తెచ్చుకుని, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి గ్రూప్‌లో పెడితే పని అయిపోయినట్టే. మండలం నుంచి వచ్చే పెండింగ్ లిస్ట్‌లో మన పేరు లేకపోతే చాలు అన్నట్టు తయారైంది. మా స్టాఫ్ రూమ్‌లో అందరిదీ ఇదే తంతు.

ఈసారి నా కోసం నేను ఏదైనా చేద్దామనుకుంటున్నాను. ఒకటి, పిల్లల చేత మాట్లాడించడానికి పనికొచ్చేది కావాలి. రెండు, నా ఉచ్చారణ కొంచెం బాగుపడాలి, ఇప్పుడు కొంతమంది పిల్లలు యూట్యూబ్ చూసి నన్నే సరిదిద్దుతున్నారు మరి. మూడోది, ఫేస్‌బుక్‌లో 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్‌ని విదేశీ భాషగా నేర్పడం) సర్టిఫికెట్ అని, 90 శాతం తగ్గింపు అని, ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుందని రోజూ వస్తోంది (ఆ రాత్రి ఎప్పటికీ అయిపోదు, అది వేరే విషయం). అది తీసుకోవచ్చా? నాకు లాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే, రాత్రి తొమ్మిది దాటాకే తీరిక. డబ్బు కొద్దిగా పెట్టగలను గానీ వేలకు వేలు కాదు.

కడప_ఇంగ్లిష్_సార్

మేడమ్, ముందు ఆ టెఫెల్ సంగతి తేల్చేద్దాం. టెఫెల్ అన్నది ఒక్క సంస్థ ఇచ్చే డిగ్రీ కాదు, ఆ పేరుతో ఎవరైనా సర్టిఫికెట్ అమ్ముకోవచ్చు, అడిగేవాడు లేడు. 120 గంటలు అని వాళ్లు రాసుకోవడమే తప్ప మీరు ఒక్క రాత్రిలో క్లిక్కులు కొట్టి పూర్తి చేసినా సర్టిఫికెట్ మీద 120 అనే ఉంటుంది. మన సర్వీసులో దానికి విలువ లేదు, క్లాసులో అంతకన్నా లేదు.

నేను ఏ కోర్సునైనా చూసే లెక్క ఒకటే: మనం పాఠం చెప్తుంటే ఎవరైనా చూసి, ఇక్కడ బాగుంది, ఇక్కడ పోయింది అని చెప్తారా లేదా? కేంబ్రిడ్జి వాళ్లు ఇంగ్లిష్ టీచర్లకు పెట్టిన సెల్టా కోర్సులో అది ఉంది. కనీసం ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, ట్యూటర్ కూర్చుని చూస్తాడు, నాలుగు అసైన్‌మెంట్లు రాయాలి. కరోనా తర్వాత పూర్తిగా ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. కానీ ఫీజు లక్షకు పైమాటే, పైగా అక్కడ మన ముందు కూర్చునేది ఓ పదిమంది పెద్దవాళ్లు. మన యాభై మంది తొమ్మిదో తరగతి పిల్లలకూ దానికీ పొంతన తక్కువ. ప్రభుత్వ బడిలోనే ఉండేవాళ్లు అంత డబ్బు పోయాల్సిన పని లేదని నా ఉద్దేశం.

ఉచితంగా అయితే బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల టీచింగ్ ఇంగ్లిష్ వెబ్‌సైట్‌తో మొదలుపెట్టండి. ఫోన్‌లో బాగానే తెరుచుకుంటుంది. అక్కడ టీచర్ పనిని 12 భాగాలు చేసి పెట్టారు: పాఠం ప్లాన్ చేసుకోవడం, పిల్లల్ని అర్థం చేసుకోవడం, క్లాసు నడపడం, అంచనా వేయడం, ఒకటికన్నా ఎక్కువ భాషలున్న క్లాసులో పని చేయడం, ఇలా. పన్నెండూ పట్టుకున్నారంటే మళ్లీ దీక్ష కథే అవుతుంది. క్లాసు నడపడం అన్నది ఒక్కటి పట్టుకుని ఈ టర్మ్ అంతా దాని మీదే ఉండండి.

ఇంకోటి, దీని గురించి మన వైపు ఎక్కువమందికి తెలియదు. టెస్ ఇండియా అని బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో తయారైన సామగ్రి ఉంది. బీహార్, మధ్యప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల్లో నడిపారు, మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు, కానీ అంతా ఉచితంగా నెట్‌లో ఉంది, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. హైస్కూల్ ఇంగ్లిష్‌కి విడిగా యూనిట్లు ఉన్నాయి. దాంట్లో నాకు నచ్చింది వీడియోలు. మన దేశంలోని మామూలు బడుల్లోనే తీశారు. లండన్‌లో పన్నెండు మంది పిల్లలు కార్పెట్ మీద కూర్చున్న వీడియో చూసి మనం ఏం నేర్చుకుంటాం చెప్పండి!

జంటల్లో మాట్లాడించడం గురించి చదివాక నేను చేసింది చెప్తాను. ముందు బెంచీ వాళ్లని వెనక్కి తిరగమన్నాను, అంతే, బెంచీలు కదపక్కర్లేకుండా ఎదురెదురు జంటలు తయారయ్యాయి. ఒకరి దగ్గర సగం ఖాళీలున్న బస్సుల టైమ్‌టేబుల్, ఎదుటివాళ్ల దగ్గర మిగతా సగం. "వాట్ టైమ్ డజ్ ద పులివెందుల బస్ లీవ్?" అని అడిగితే తప్ప ఖాళీ నిండదు. కాగితం చూపించకూడదన్నది ఒక్కటే రూలు. గోల గోలగా ఉంటుంది, పక్క క్లాసు లెక్కల సారు వచ్చి తొంగిచూసి వెళ్తాడు. ఫర్వాలేదు.

సొహార్_తెలుగు

సెల్టా గురించి ఒక మాట. నేను ఒమన్‌లో ఉంటాను. ఇక్కడ ఇండియన్ స్కూల్స్‌లో చేరాలంటే వాళ్లు మొదట అడిగేది బీఈడీ, అనుభవం, డిగ్రీలకు అటెస్టేషన్. లాంగ్వేజ్ సెంటర్లలో పెద్దవాళ్లకు చెప్పే ఉద్యోగాలకైతే సెల్టా అడుగుతారు. ఆఫర్‌లో కొన్న 120 గంటల కాగితం చూపిస్తే పక్కన పెట్టేస్తారు. గల్ఫ్ వస్తామనుకుని దాని మీద డబ్బు తగలేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే చెప్తున్నా.

పాత_డీఆర్పీ

అమ్మా, రిటైరైన మాస్టారిని. డిస్ట్రిక్ట్ రిసోర్స్ పర్సన్‌గా చాలా ట్రైనింగ్‌లు ఇచ్చినవాణ్ని, తీసుకున్నవాణ్ని. దీక్షని మీరందరూ మరీ తీసిపారేస్తున్నారు. ఆ మాడ్యూళ్లలో కొన్ని మంచివి ఉన్నాయి, చెడగొట్టింది మన పెండింగ్ లిస్టులు. 2020 జాతీయ విద్యావిధానంలో ఏం రాశారో చూడండి: టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో పాల్గొనాలి, అది వాళ్ల సొంత ఆసక్తిని బట్టి సాగాలి. 50 గంటలు అన్న ముక్క అన్ని ఆఫీసులకూ చేరింది, సొంత ఆసక్తి అన్న ముక్క మాత్రం దారిలోనే ఎక్కడో దిగిపోయింది.

ఉచ్చారణ విషయంలో మీకు హైదరాబాద్ పక్కనే ఉండగా ఎక్కడికో ఎందుకు? ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది కదా. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది, తర్వాత సీఫెల్ అన్నారు, మా తరం వాళ్లం ఇప్పటికీ సీఫెల్ అనే అంటాం, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. దేశంలో ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే పెట్టిన సంస్థ అది. ఇంగ్లిష్ బోధన మీద వాళ్ల పీజీ సర్టిఫికెట్ కోర్సు, పీజీసీటీఈ, దూరవిద్యలో ఉంది. ఫొనెటిక్స్, బోధన పద్ధతులు గట్టిగా చెప్తారు, కొన్ని రోజులు క్యాంపస్‌కి వెళ్లి క్లాసులు వినాలి. అర్హతలు, ఫీజు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకో. సులువుగా ఉండదు, కానీ చదివినవాళ్లు క్లాసులో నోరు తెరిస్తే తేడా తెలిసిపోతుంది. బెంగళూరులో ఆర్ఐఈ (రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్) కూడా ఉంది, దక్షిణాది రాష్ట్రాల టీచర్లకు నెల రోజులు అక్కడే ఉంచి శిక్షణ ఇస్తారు. అది ఆన్‌లైన్ కాదు, ప్రభుత్వం పంపాలి. పిలుపు వస్తే మాత్రం ఇంట్లో పనులున్నాయని వదులుకోకు.

ఫొనెటిక్స్ అంటే ఆ గుర్తులన్నీ చూసి భయపడతారు. అసలు మనకి ఇబ్బంది గుర్తులతో కాదు, స్ట్రెస్‌తో, అంటే మాటలో ఏ ముక్కని ఒత్తి పలకాలన్నదానితో. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు బరువు మొదటి ముక్క మీద, ఫొటోగ్రాఫర్ అనగానే రెండో ముక్క మీదికి, ఫొటోగ్రాఫిక్ అంటే మూడో దాని మీదికి జరుగుతుంది. తెలుగులో అన్ని అక్షరాలూ దాదాపు సమానంగా పలుకుతాం కాబట్టి మన చెవికి అది పట్టదు. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో ఆరు నిమిషాల ఆడియోలు ఉంటాయి, కింద రాతప్రతి కూడా ఇస్తారు. ముందు చూడకుండా విను, తర్వాత పెన్సిల్ పెట్టి బరువు పడ్డ చోటల్లా గీత గీయి, తర్వాత వాళ్లతో పాటు పైకి చదువు. పాఠంలో వచ్చే కొత్త మాటలకు కేంబ్రిడ్జి డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కితే పలికి వినిపిస్తుంది. దీనికి కోర్సూ అక్కర్లేదు, ఫీజూ అక్కర్లేదు. పిల్లలు సరిదిద్దితే చిన్నబుచ్చుకోకు, అప్పటికప్పుడు డిక్షనరీ తెరిచి అందరికీ వినిపించు.

చెన్నైలో ఎల్టాయ్ అని ఇంగ్లిష్ టీచర్ల సంఘం 1974 నుంచి ఉంది. వాళ్ల వెబినార్లు చూస్తూ ఉండు. బ్రిటన్‌లోని ఐయాటెఫెల్ అనే ఇంగ్లిష్ టీచర్ల సంఘం వాళ్లవి కూడా వస్తుంటాయి, వాళ్లకి మధ్యాహ్నం అయితే మనకి రాత్రి కాబట్టి నీకు కుదురుతుంది కూడా.

గుంటూరు_ప్రైవేట్_టీచర్

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ మా ప్రైవేట్ వాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. మాకు దీక్ష పెండింగ్ లిస్టు లేదు, సంతోషమే, కానీ ట్రైనింగ్‌కి వెళ్లిన రోజును డ్యూటీగా లెక్కించే ఓడీలూ లేవు, ట్రైనింగ్‌లూ లేవు. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక స్కూల్లో మేనేజ్‌మెంట్ అందరి చేతా ఏదో ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ కోర్సు చేయించింది. డబ్బు మా జీతాల్లోంచే కోశారు. అడ్మిషన్ల బ్రోచర్‌లో మాత్రం "అంతర్జాతీయ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు" అని పెద్దక్షరాలతో వేసుకున్నారు. ఆ కోర్సులో ఏముందో మాలో ఎవరికీ గుర్తు లేదు.

వెబినార్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, క్షమించాలి. ఎవరో గంటసేపు స్లైడ్లు చదువుతారు, చాట్ బాక్స్ నిండా "గుడ్ ఈవినింగ్ ఫ్రమ్ విజయవాడ", "సర్టిఫికెట్ లింక్ ప్లీజ్" తప్ప ఇంకేం ఉండదు.

నాకు పనికొచ్చింది ఫోన్‌లో వాయిస్ రికార్డర్. పీరియడ్ మొదట్లో ఆన్ చేసి బల్ల మీద పెట్టేస్తాను, రాత్రి అందులోంచి ఐదు నిమిషాలు మాత్రం వింటాను. మొదటిసారి విన్నప్పుడు బయటపడింది ఇది: "వై డిడ్ ద బాయ్ రన్ అవే?" అని అడిగాను, వెంటనే "వై? వై? టెల్ మీ" అన్నాను, ఆ వెంటనే "బికాజ్ హీ వాజ్..." అని నేనే మొదలుపెట్టాను, పిల్లలు "అఫ్రెయిడ్" అని కోరస్‌గా పూర్తి చేశారు. ఆ ఒక్క మాటే వాళ్లు మాట్లాడింది, మిగతాదంతా నా గొంతే. దీని మీద అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లోనే పరిశోధన చేశారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున సెకనో, అంతకన్నా తక్కువో. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, మామూలుగా నోరెత్తనివాళ్లు కూడా ముందుకొస్తారు. చెప్పడానికి మూడు సెకన్లే గానీ క్లాసు ముందు నిలబడి ఆగి చూడండి, యుగంలా ఉంటుంది. నేను మనసులో సాయి సాయి సాయి అనుకుంటూ నిలబడతాను.

నల్గొండ మేడమ్, మీ యాభై మందిలో ఐదారుగురే మాట్లాడుతున్నారంటే, మిగతావాళ్లు ఆలోచించేలోపే ఆ ఐదారుగురూ జవాబు చెప్పేస్తున్నారేమో ఒకసారి రికార్డు చేసి వినండి. చేతులెత్తమని అడగకుండా, పక్కవాళ్లతో అర నిమిషం మాట్లాడుకుని చెప్పమనండి, పక్కవాడికి చెప్పి సరిచూసుకున్న జవాబు లేచి చెప్పడానికి అంత టెన్షన్ ఉండదు.

నల్గొండ_మేడమ్

అందరికీ చాలా థాంక్స్. టెఫెల్ ఆలోచన వదిలేశాను. సొహార్ సార్, గల్ఫ్ ఆలోచన నాకు లేదు గానీ మా చెల్లెలికి ఉంది, తనకి మీ మెసేజ్ చూపించాను.

ఒక సందేహం. మా హెచ్ఎం సార్ ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు మాట వినపడకూడదంటారు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. కానీ కడప సార్ చెప్పిన బస్సుల ఆట ఎలా ఆడాలో ఇంగ్లిష్‌లో చెప్తే సగం క్లాసుకి అర్థం కాదు, ఆట మొదలయ్యేలోపే బెల్లు కొడతారు. ఏం చేయను? అలాగే మాస్టారూ, పీజీసీటీఈ ఈ ఏడాది కుదరదు. టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) తలనొప్పి ఉంది కదా, సర్వీసులో ఉన్నవాళ్లూ అది పాసవ్వాలని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి మా స్కూల్లో సగంమంది చేతుల్లో టెట్ పుస్తకాలే.

కడప_ఇంగ్లిష్_సార్

ఆట ఎలా ఆడాలో తెలుగులో చెప్పండి, ఆట మాత్రం ఇంగ్లిష్‌లో ఆడించండి. అర నిమిషం తెలుగు వాడి పది నిమిషాలు ఇంగ్లిష్ రాబట్టుకుంటే నష్టమేముంది? నేను మొదట చెప్పిన 12 భాగాల్లో బహుభాషా పద్ధతులు అని ఒకటి విడిగా ఉంది చూడండి, బ్రిటిష్ కౌన్సిల్ వాళ్లే పిల్లల ఇంటి భాషను వాడుకోమంటుంటే మనం వాళ్లకన్నా ఎక్కువ ఇంగ్లిష్‌వాళ్లం అయిపోయాం. హెచ్ఎం గారికి ఆ పేజీ చూపించండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వమే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ అచ్చువేసి పుస్తకాలు ఇచ్చింది, అది కూడా గుర్తు చేయండి. గొడవపడి చెప్పకండి, టీ టైమ్‌లో చెప్పండి.

రెండు మూడు సార్లు ఆడాక వాళ్లకి ఆట తెలిసిపోతుంది, అప్పుడు "టర్న్ బ్యాక్, డోంట్ షో యువర్ పేపర్" అంటే చాలు, తెలుగు దానంతట అదే తగ్గుతుంది.

పాత_డీఆర్పీ

టెట్ సంగతి నిజమే. సర్వీసు ఐదేళ్ల కన్నా ఎక్కువ మిగిలినవాళ్లు రెండేళ్లలో పాసవ్వాలన్నారు కాబట్టి ముందు అది కానివ్వు. పీజీసీటీఈ ఎక్కడికీ పోదు.

వెబినార్ల మీద గుంటూరు టీచరమ్మ అన్నది కొంత ఒప్పుకుంటాను. ఒంటరిగా చూసి వదిలేస్తే మిగిలేది సర్టిఫికెట్ లింకే. మహారాష్ట్రలో తేజస్ అని బ్రిటిష్ కౌన్సిల్, అక్కడి ప్రభుత్వం, టాటా ట్రస్ట్స్ కలిసి చేసిన పని ఉంది. అందులో పెద్ద ట్రైనింగ్ హాళ్ల కన్నా టీచర్ యాక్టివిటీ గ్రూపులకు ప్రాముఖ్యం ఇచ్చారు. చుట్టుపక్కల బడుల టీచర్లు తరచూ కలవడం, ఒక పద్ధతి అనుకోవడం, క్లాసులో చేసి చూడడం, మళ్లీ వచ్చినప్పుడు ఏమైందో చెప్పుకోవడం, మధ్యలో వాట్సాప్‌లో మాట్లాడుకోవడం. చుట్టుపక్కల బడుల టీచర్లకు పెట్టే మన కాంప్లెక్స్ మీటింగులు కూడా ఇలాగే జరగాలి, కానీ అక్కడ డేటా ఎంట్రీ మాటలతోనే మధ్యాహ్నం అయిపోతుంది.

గుంటూరు_ప్రైవేట్_టీచర్

అయితే మనమే మొదలుపెడదామా? ఇక్కడున్నవాళ్లం చాలు. పదిహేను రోజులకోసారి ఆదివారం రాత్రి గూగుల్ మీట్‌లో, ఫోన్ నుంచే. ఒక్కొక్కరు తమ క్లాసు నుంచి మూడు నిమిషాల ఆడియో వినిపించాలి, మిగతావాళ్లు పొగడ్తలు పక్కన పెట్టి, ఇక్కడ నేనైతే ఇలా చేసి ఉండేదాన్ని అని ఒక్కటి చెప్పాలి. సర్టిఫికెట్ ఎవరికీ ఇవ్వం 😄

నల్గొండ_మేడమ్

నేను రెడీ. మొదటిసారి మాత్రం నన్ను చివర్లో పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నర అయితే బాగుంటుంది.

సొహార్_తెలుగు

ఒమన్‌లో అప్పుడు ఎనిమిదే, నేనూ వస్తాను. ఒకటి మాత్రం చూసుకోండి: పిల్లల గొంతులు రికార్డు చేస్తున్నాం కాబట్టి హెచ్ఎంకి ముందే చెప్పండి, వీడియో వద్దు, ఆడియో వినిపించడమే తప్ప ఏ గ్రూప్‌లోనూ ఫార్వర్డ్ చేయొద్దు, అయ్యాక డిలీట్ చేయాలి. ఇక్కడి స్కూళ్లలో ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటారు.

కడప_ఇంగ్లిష్_సార్

సరే. వచ్చే ఆదివారం తొమ్మిదిన్నరకి. లింక్ అందరికీ మెసేజ్‌లో పెడతాను, ఇక్కడ పెట్టను, పెడితే టెఫెల్ అమ్మేవాళ్లు కూడా వచ్చేస్తారు. మొదటి ఆడియో నాదే, బస్సుల టైమ్‌టేబుల్ క్లాసు. మాస్టారూ, మీరు తప్పకుండా రావాలి, నా స్ట్రెస్ ఎక్కడెక్కడ పోతోందో గీతలు గీసి ఉంచండి.